చిట్టా పుస్తకము – చేతిఫోను

ఇల్లు అనగా నాలుగు గోడలు, పైకప్పు మాత్రమే కాదు; అది ఒక చిన్న కచేరీ కూడ. పాలవాని లెక్క, పిల్లల బడిరుసుము, కరెంటు బిల్లు, గ్యాసు బండ వచ్చిన తేది, పెద్దవారి మందులు, బీమా వాయిదా, ఆస్తిపన్ను రసీదు, పెండ్లిపిలుపులు, పితృతిథులు – ఇట్టి వ్యవహారములు ప్రతి ఇంటను నెలనెలయు నడచుచునే యుండును. ఈ కచేరీకి గుమాస్తా లేడు, సెలవుదినము లేదు. ఇంటి యజమానియో, ఇల్లాలో, ఇద్దఱును కలిసియో దీనిని నడుపవలసినదే.

మన పెద్దల కాలములో ఈ కచేరీకి కావలసిన సామగ్రి స్వల్పము. గోడకు వ్రేలాడు క్యాలెండరు, రసీదులు గుచ్చిన ఇనుపతీగె, ఎఱ్ఱఅట్ట చిట్టా పుస్తకము, దస్తావేజులు దాచిన ట్రంకుపెట్టె – ఇంతే. నేడు వీనియన్నిటి స్థానమును చేతిఫోను ఆక్రమించినది. అందు క్యాలెండరున్నది, లెక్కల పుస్తకమున్నది, అలారమున్నది, ఫోటోల పెట్టె యున్నది, బ్యాంకు సైతమున్నది. అందువలన కొందఱు "ఇక కాగితముతో పనియేమి?" అనుచున్నారు. మఱికొందఱు "కంటికి కనబడని వ్రాతను నమ్ముటెట్లు?" అని చేతిపుస్తకమును వదలకున్నారు. ఈ రెండు పక్షములలోను కొంత సత్యమున్నది. ఈ ప్రసంగములో విచారింపదలచినది, ఏ పనికి ఏది తగును, రెంటిని ఒద్దికగా నడపించుట యెట్లు అను విషయము.

వ్రాసి పెట్టుకొనుటలో నాలుగు ప్రయోజనములు కలవు. మొదటిది, ఆలోచించి మనస్సున నిలుపుకొనుట. రెండవది, వేళకు గుర్తుచేయుట, వలసినప్పుడు వెదకి పట్టుట. మూడవది, చెడకుండ కాపాడుట. నాలుగవది, మనము లేనప్పుడు మఱొకరికి అందించుట. కాగితమైనను, ఫోనైనను ఈ నాలుగింటిని సమానముగా చేయలేదు. ఒకదాని బలము వేఱొకదాని బలహీనత. ఒక్కొక్కటిగా చూతము.

మొదట ఆలోచన సంగతి. 2021వ సంవత్సరమున టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పరీక్ష జరిపిరి. నలువదియెనమండుగురు యువతీయువకులను మూడు జట్లుగా చేసి, ఒక సంభాషణలో వచ్చు కార్యక్రమముల తేదులను, వేళలను క్యాలెండరులో వ్రాసికొనుమనిరి. ఒక జట్టునకు కాగితపు పుస్తకము, ఒక జట్టునకు టాబ్లెట్టు, ఒక జట్టునకు చేతిఫోను ఇచ్చిరి. కాగితముపై వ్రాసినవారికి ఆ పని సుమారు పదునొకండు నిమిషములలో ముగిసెను. టాబ్లెట్టు జట్టునకు పదునాలుగు, ఫోను జట్టునకు పదునాఱు నిమిషములు పట్టెను. ఒక గంట గడచిన పిదప ఆ వివరములను అడిగినప్పుడు, కాగితపు జట్టువారి మెదడులో స్మృతికి సంబంధించిన భాగములు అధికముగా పనిచేయుచుండుట యంత్రములో కనబడెను. పుటలో ఏ మూల వ్రాసితిమో, ఏ పంక్తిని కొట్టివేసితిమో, ఆ చోటుతో సహా విషయము మనస్సునకు అంటుకొనుట ఇందులకు కారణమని వారి అభిప్రాయము.

అంతకు పూర్వము 2014లో అమెరికాలో జరిగిన మఱొక పరిశోధన ప్రసిద్ధమైనది. ఉపన్యాసములను ల్యాప్‌టాపుపై వ్రాసికొన్న విద్యార్థులు ఎక్కువ మాటలు వ్రాసిరి; చేతితో వ్రాసికొన్నవారు తక్కువ వ్రాసిరి. కాని భావమును గూర్చిన ప్రశ్నలకు చేతివ్రాతవారే మేలుగా సమాధానములు చెప్పిరి. 2019లో ఇతరులు అదే పరీక్షను మఱల జరిపినపుడు భేదము అంత స్పష్టముగా కనబడలేదని కూడ ఇచట చెప్పవలెను. కనుక చేతివ్రాత ఏదో మంత్రమని భ్రమింపరాదు. అందులోని మర్మము సామాన్యమైనది. చేయి నెమ్మదిగా నడచును. కావున అన్నియు వ్రాయుటకు వీలులేదు. ఏది ముఖ్యమో ఏరుకొనక తప్పదు. ఆ ఏరుకొనుటయే ఆలోచన.

కావున దినచర్యకు సంబంధించిన పట్టీ కాగితముపై ఉండుట మేలు. ఉదయమున కాఫీ త్రాగునప్పుడు ఒక చిన్న చీటీపై ఆనాటి పనులు ఐదో ఆఱో వ్రాయుడు. పూర్తియైనదానిని కొట్టివేయుడు. మిగిలిన పనిని మఱునాటి చీటీలో మఱల చేతితోనే వ్రాయుడు. ఒకే పనిని మూడుసార్లు వ్రాయవలసివచ్చినయెడల చేతికి విసుగు పుట్టును. ఆ విసుగు మంచిదే. ఆ పని నిజముగా అవసరమా, అవసరమైనచో ఎందుకు వాయిదా పడుచున్నది అని అది మనలను ప్రశ్నించును. ఫోనులోని పట్టీకి ఈ సుగుణము లేదు. అందులో నూఱు పనులు చేరినను బరువు తెలియదు; అవి నిశ్శబ్దముగా క్రిందికి జాఱిపోవును. ఇట్లే వైద్యుని యొద్దకు పోవునప్పుడు అడుగవలసిన నాలుగు ప్రశ్నలను చీటీపై వ్రాసికొనిపోవుట మంచి అలవాటు. అక్కడ ఫోను తెఱచినచో ప్రశ్నలకన్న ముందుగా ఎవరో పంపిన శుభోదయ సందేశము కనబడును!

ఇక రెండవ ప్రయోజనము: గుర్తుచేయుట, వెదకి పట్టుట. ఇందులో కాగితము ఫోనునకు సాటిరాదు. డైరీలో ఎంత అందముగా వ్రాసినను అది రాత్రి ఎనిమిది గంటలకు గంట మ్రోగించి "మందు వేసికొనుడు" అని పిలువదు. సంవత్సరమునకు ఒక్కసారి వచ్చు బీమా వాయిదా, వాహనపు బీమా గడువు, కుళాయిపన్ను చివరితేది – వీనిని తలలో మోసికొని తిరుగుట వ్యర్థశ్రమ. ఒక్కసారి ఫోనులో ఎక్కించి, ఏటేటా మ్రోగునట్లు, గడువునకు పదిదినములు ముందుగా మ్రోగునట్లు ఏర్పాటు చేసికొనిన చాలును. గడువునాడు మ్రోగు గంట పనికిరాదు. డబ్బు సమకూర్చుకొనుటకు వ్యవధి ఉండవలెను గదా!

వెదకుట విషయములో మాత్రము ఒక హెచ్చరిక. దాచుట వేఱు, దొరకుట వేఱు. తాళ్ళపాక అన్నమాచార్యులవారు 1408 – 1503 నడుమ జీవించిన మహానుభావుడు. వారి సంకీర్తనములను వేలకొలదిగా రాగిఱేకులపై చెక్కించి తిరుమల ఆలయములో ఒక చిన్న గదియందు భద్రపఱచిరి. రాగి చెడలేదు, అక్షరము చెఱగలేదు. అయినను ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో గాని అవి పండితుల చేతికి వచ్చి అచ్చునకు నోచుకొనలేదు. వస్తువు భద్రముగానే యున్నది. అది యున్నదను ఎఱుక మాత్రము లోకములో నశించినది.

ఇట్టిదే ఇంకొక ఉదంతము ఆంగ్లదేశమున కలదు. ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువును లక్షలకొలది కాగితపు చీటీలపై వ్రాసి, గూళ్ళలో అమర్చి, 1884 మొదలు 1928 వఱకు సంపుటములుగా ప్రకటించిరి. ఎంత జాగ్రత్తపడినను 'బాండ్‌మెయిడ్' అను ఒక పదమునకు చెందిన చీటీలు ఎచ్చటనో జాఱిపోయి, ఆ పదము నిఘంటువులో చేరకయే పోయెను. 1933లో వచ్చిన అనుబంధములో గాని ఆ లోపము తీఱలేదు. మహాపండితుల గూళ్ళలోనే చీటీ తప్పిపోయినప్పుడు, మన బీరువాలోని రసీదు తప్పిపోవుటలో వింత లేదు.

ఫోను ఈ కష్టమును తీర్చును. కాని తనంతట తాను తీర్చదు. వేయి ఫోటోల నడుమ ఆస్తిపన్ను రసీదు ఫోటో ఒకటి కలిసిపోయినయెడల అది ట్రంకుపెట్టె అడుగున పడిన కాగితముకన్న మెఱుగేమియు కాదు. కావున ముఖ్యపత్రమును ఫోటో తీసిన వెంటనే దానికి పేరు పెట్టవలెను. మొదట సంవత్సరము, పిదప నెల, పిదప విషయము – '2025 ఏప్రిల్ ఆస్తిపన్ను' అను రీతిని వ్రాసినయెడల ఎన్ని సంవత్సరములకైనను క్షణములో దొరకును. ముఖ్యముగా దుకాణములలో యంత్రమునుండి వచ్చు నున్ననికాగితపు బిల్లులను ఆనాడే ఫోటో తీయుట అవసరము. వానిపైనున్నది సిరా కాదు. వేడికి నల్లబడు రసాయనపు పూత. ఎండకును వేడికిని అది కొన్ని నెలలలోనే వెలిసిపోవును. ఫ్రిజ్జునకు పది సంవత్సరముల హామీ ఉండవచ్చును. ఆ హామీకి ఆధారమైన బిల్లు పదినెలలు నిలువకపోవచ్చును.

మూడవది చెడకుండ కాపాడుట. కాగితమునకు చెదలు, చెమ్మ, నిప్పు, నీరు శత్రువులు. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడలో అనేక పేటలు దినముల తరబడి నీట మునిగిన సంగతి శ్రోతలకు జ్ఞాపకముండును. అట్టి సమయమున క్రింది అఱలోని పత్రములు ముద్దయిపోవుట ఎంత నిశ్చయమో, కరెంటు లేక ఫోను మూగపోవుటయు అంతే నిశ్చయము. రెంటిలో ఒకదానిని మాత్రమే నమ్ముకొన్నవారికి ఆనాడు దిక్కు తోచదు.

ఫోను వంటి సాధనములకు మఱొక శత్రువు కలదు, అది కాలము. ఆంగ్లదేశములో రాజు విలియము ఆజ్ఞపై 1086లో తోలుపత్రములపై వ్రాయించిన డూమ్స్‌డే అను భూమిలెక్కల గ్రంథము తొమ్మిదివందల యేండ్లకు పైగా నిలిచి, నేటికిని చదువుటకు వీలుగా నున్నది. దాని తొమ్మిదివందలవ జన్మదినమున, అనగా 1986లో, బి.బి.సి. వారు ఆ దేశపు నూతన వివరములను సేకరించి లేజరు ఫలకములపై ఎక్కించిరి. సుమారు పదునైదేండ్లలోనే ఆ ఫలకములను చదువగల యంత్రములు అరుదైపోయెను. నిపుణులు ఎంతయో శ్రమించి ఆ సమాచారమును మఱల వెలికితీయవలసివచ్చెను. మన ఇండ్లలోను ఇట్టివి లేకపోలేదు. ఇరువదియేండ్ల క్రిందటి పెండ్లి ఫోటోలున్న ఫ్లాపీ, సి.డి. – ఎన్ని ఇండ్లలో నేడు తెఱచి చూడగలరు? ఆ పెండ్లి ఆల్బము మాత్రము బీరువాలో పదిలముగానే యున్నది.

కావున నియమమిది. అసలు పత్రము ఇంటిలో ఎత్తైన చోట, నీరు చొరని సంచిలో ఉండవలెను. దాని బింబము ఫోనులో ఉండవలెను. మూడవ ప్రతి ఇంటికి వెలుపల – ఊరిలోనున్న తోబుట్టువు వద్దనో, బ్యాంకు లాకరులోనో, నమ్మదగిన ఇంటర్నెట్టు భాండారములోనో – ఉండవలెను. 2015లో మన ప్రభుత్వము ప్రారంభించిన డిజిలాకరు ఇందులకు ఉపకరించును. అందు ప్రభుత్వశాఖలు నేరుగా జారీచేసిన పత్రములు అసలుతో సమానముగా చెల్లునని నిబంధనలున్నవి. కాని మనము ఫోటో తీసి ఎక్కించినదానికి ఆ గౌరవము లేదు; అది ప్రతి మాత్రమే. వీలునామా సంగతి మఱియు వేఱు. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఎలక్ట్రానిక్ పత్రములకు చెల్లుబాటు కల్పించుచు, వీలునామాను దానినుండి మినహాయించినది. వ్రాసినవారి సంతకము, ఇద్దఱు సాక్షుల సంతకములు కాగితముపై ఉండవలసినదే. ఫోనులో వ్రాసి పంపిన కడపటి కోరిక బంధువుల కంట నీరు తెప్పించునేమో గాని, న్యాయస్థానములో నిలువదు.

ఇప్పుడు నాలుగవదానికి వత్తము. అన్నిటికన్న ముఖ్యమైనది ఇదియే. మనము లేనప్పుడు మఱొకరికి అందించుట.

పూర్వము మన గ్రామములలో కరణముగారుండెడివారు. ఊరి భూముల లెక్క యంతయు వారి కవిలెకట్టలో ఉండెడిది. ఏ పొలము హద్దు ఎంతవఱకో, ఎవరు శిస్తు చెల్లించిరో, ఎవరు బకాయిపడిరో వారికే తెలియును. సమర్థులైన కరణములు పెక్కుమంది ఉండిరి. ఆ లెక్కలే నేటి చరిత్రకారులకు ఆధారములైనవి. కాని ఒక్కరి చేతిలో లెక్క యుండుటవలన ఊరివారందఱును వారి గుమ్మముకడ నిలువవలసి వచ్చెడిది. ఆంధ్రప్రదేశములో 1984లో ఆ వంశపారంపర్య పదవులు రద్దయినవి. నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను భూమి లెక్కలు కంప్యూటరులకు ఎక్కినవి.

ఊరిలో కరణీకము పోయినది. ఇంటిలో మాత్రము క్రొత్త కరణము వెలసినాడు. అతడే చేతిఫోను! ఇంటిలో ఒక్కరి ఫోనులోనే బ్యాంకు ఖాతా, బీమా, అప్పులు, చేబదుళ్ళు, గ్యాసు, కరెంటు అన్నియు ఉన్నవి. ఆ ఫోనునకు తాళమున్నది. ఆ తాళము ఆ ఒక్కరి వ్రేలిముద్రతోనే తెఱచుకొనును. ఆయనకు హఠాత్తుగా జబ్బుచేసినచో ఇల్లాలికి ఆసుపత్రి బీమా ఏ కంపెనీదో తెలియదు. ఆయన కన్నుమూసినచో, ఆ దుఃఖములో ఆమె ఏ బ్యాంకునకు పోవలెనో, ఎవరిని అడుగవలెనో తెలియక అల్లాడవలసి వచ్చును. ఇల్లాలి ఫోనులోనే అన్నియు నున్న ఇండ్లలో భర్తకు, పిల్లలకు ఇదే అవస్థ.

ఇది ఊహామాత్రము కాదు. పది సంవత్సరములు ఎవరును కదపని బ్యాంకు నిలువలను, 2014లో రిజర్వు బ్యాంకు ఏర్పఱచిన ప్రత్యేకనిధికి బదలాయింతురు. అట్టి సొమ్మునకు హక్కుదారులు తఱువాతనైనను అడిగి పొందవచ్చును. కాని అడుగవలెనన్న ఆ ఖాతా ఉన్నదని తెలియవలెను గదా! వానిని వెదకుటకై 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు 'ఉద్గమ్' అను ఇంటర్నెట్టు ద్వారమును తెఱచినది. ఒక దేశపు కేంద్రబ్యాంకు ఇంత ఏర్పాటు చేయవలసివచ్చినదనగా, ఎన్ని ఇండ్లలో తండ్రి కూడబెట్టినది బిడ్డలకు తెలియకుండ పోవుచున్నదో ఆలోచింపుడు. కష్టించి కూడబెట్టినవారు ఒక్క పుట వ్రాసియుంచిన ఈ వెదకులాట తప్పెడిది.

ఆ ఒక్క పుటను ప్రతి ఇంటివారును వ్రాయవలెనని నా మనవి. దానిని 'ఇంటిపుట' అందము. ఒక తెల్లకాగితముపై, నీటికి కరగని బాల్‌పెన్నుతో, పెద్ద అక్షరములతో వ్రాయవలెను. ఏయే బ్యాంకులలో ఖాతాలున్నవి, నామినీ యెవరు. ఏ బీమా, పాలసీ పత్రము ఎచ్చట నున్నది. ఎవరికి బాకీ, ఎవరినుండి రావలెను. ఇంటి దస్తావేజు ఏ పెట్టెలో నున్నది. ఇంటిలో ఎవరికి ఏ జబ్బు, ఏ మందులు, ఏ మందు పడదు. వైద్యుని పేరు, ఆపదలో పిలువవలసిన ఇద్దఱు బంధువుల ఫోను నంబరులు. ఇంతే. బ్యాంకు రహస్యసంఖ్యలను, సంకేతపదములను ఇందులో వ్రాయరాదు. అవి దొంగచేతికి తాళపుచెవులు. డబ్బు ఎచ్చట నున్నదో తెలిసిన చాలును. వారసులు చట్టప్రకారము తీసికొనగలరు. చివర తేది వేసి, ఏటేటా ఉగాదినాడు పంచాంగము చేతికి వచ్చినపుడు ఈ పుటను కూడ తిరుగవ్రాయుడు. దానిని భర్తకు భార్య, భార్యకు భర్త, పెద్దబిడ్డకు ఇద్దఱును చూపవలెను. అశుభమని సంకోచింపరాదు. గొడుగు కొన్నంత మాత్రమున వాన రాదు గదా!

మందుల పట్టీని మాత్రము వేఱుగా వ్రాసి వంటింటిలో ఫ్రిజ్జు తలుపునకు అంటింపుడు. అర్ధరాత్రి పొరుగింటివారు సాయమునకు వచ్చినపుడు వారికి మన ఫోను తాళము తెలియదు. గోడమీది కాగితమునకు తాళము లేదు.

రెంటిని కలిపి నడుపుటలో వచ్చు చిక్కును గూర్చి ఒక్కమాట. క్యాలెండరులో ఒక తేది, ఫోనులో మఱొక తేది ఉన్నయెడల రెండును ఉండి లేనట్లే. కావున ప్రతి విషయమునకు ఒకటే స్వస్థానము నిర్ణయింపవలెను. పెండ్లిండ్లు, పరీక్షలు, ప్రయాణములు – ఇంటిల్లిపాదికి తెలియవలసినవి – గోడ క్యాలెండరునకు. గంట మ్రోగవలసినవి ఫోనునకు. ఆలోచింపవలసినవి చేతిపుస్తకమునకు. ఆదివారమునాడు ఒక అరగంట కూర్చుండి, వారములో చేరిన చీటీలను చూచి, తేదులను ఫోనునకు ఎక్కించి, రసీదులకు పేర్లు పెట్టి, పనికిరాని కాగితములను చింపివేయుడు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వారికి ఫోను మనకన్న బాగుగా తెలియును. ఇంటిలెక్క మనకు వారికన్న బాగుగా తెలియును. ఇచ్చిపుచ్చుకొనుటకు ఇంతకన్న మంచి సందర్భము లేదు.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని సామెత. పెండ్లి చేసిన ప్రతి ఇంటివారును ఈ పొందికను ఎఱుగుదురు. పిలుపుల జాబితా పెద్దవారు చేతితో వ్రాయుదురు. అప్పుడే మఱచిన మేనత్తగారు జ్ఞాపకము వత్తురు. వంటవాడు సామాను పట్టీని చెప్పగా కాగితముపైననే వ్రాసికొందురు. చిరునామాలు, శుభలేఖలు, రైలు టిక్కెట్లు మాత్రము పిల్లలు ఫోనులో చూచుకొందురు. ఎవరి పని వారు చేయుదురు, పెండ్లి సాగిపోవును. ఆ నాలుగుదినముల పొందికను సంవత్సరమంతయు నిలుపుకొనుటయే మనము చేయవలసినది.

నోటిమాట నీటిమూట యన్నారు పెద్దలు. అందుకనియే వ్రాత పుట్టినది. ఆ వ్రాత తాటాకుపై నున్నను, కాగితముపై నున్నను, గాజుతెరపై నున్నను, వ్రాసినవానికే తెలిసినయెడల అదియు నీటిమూటయే. ఇంటివారందఱు చదువగలిగిననాడే అది ఇంటికి ఆస్తి. ఈ రాత్రి భోజనానంతరము ఒక తెల్లకాగితము తీసికొని ఇంటిపుటకు శ్రీకారము చుట్టుడు. వ్రాసిన పిదప, దానిని ఫోటో తీయుట మఱువకుడు.